జమాఖర్చుల శాస్త్రము: రసాయన, జీవప్రక్రియా ఇంజనీరింగు విద్య

ఏటేటా వేసవికాలమున పరీక్షా ఫలితములు వెలువడినంతనే మన గ్రామములలో ఒక ప్రశ్న తలయెత్తును. ఇంటర్మీడియట్ ముగించిన బాలుని గాని, బాలికను గాని ఏ చదువునకు పంపవలెను? తలిదండ్రులు ఈ ప్రశ్నతో ఉపాధ్యాయుని యొద్దకును, పంచాయతీ పెద్దల యొద్దకును వచ్చుచుందురు. ఇంజనీరింగు అనగా కంప్యూటరు చదువే యను నమ్మకము నేడు పల్లెలలో వ్యాపించియున్నది. ఆ చదువు మంచిదే. కాని మన కర్నూలు, కడప సీమల నేలతోను, నీటితోను, పంటతోను నేరుగా సంబంధము గల ఇంజనీరింగు శాఖ వేరొకటి కలదు. అది రసాయన ఇంజనీరింగు. దాని తోబుట్టువు జీవప్రక్రియా ఇంజనీరింగు. ఆ విద్యలో ఏమి నేర్పుదురో, దానివలన గ్రామమునకు కలుగు ప్రయోజన మేమో ఈ పాఠమున వివరింపదలచితిమి.

2022లో ఈ ఉభయ జిల్లాలును విభజింపబడి నంద్యాల, అన్నమయ్య జిల్లాలు ఏర్పడినవి. ఈ పాఠమున కర్నూలు, కడప అనునపుడు పాత ఎల్లలనే గ్రహింపవలయును.

ఈ శాస్త్ర మెట్టిది?

రసాయన శాస్త్రము వేరు, రసాయన ఇంజనీరింగు వేరు. ఒక పదార్థము మరియొక పదార్థముగా ఎట్లు మారునో గాజు నాళికలో పరీక్షించి చెప్పువాడు రసాయన శాస్త్రజ్ఞుడు. అదే మార్పును టన్నుల కొలదిగా, తక్కువ ఖర్చుతో, పనివారికిని ఇరుగుపొరుగు ఊళ్లకును హాని లేకుండ జరిపించువాడు రసాయన ఇంజనీరు.

ఈ భేదము మన యిండ్లలోనే కనిపించును. గిన్నెడు పాలు కాచి, ఆరిన తరువాత తోడు వేయుట ప్రతి గృహిణికిని తెలిసిన పనియే. కాని పదివేల లీటర్ల పాలను తోడు వేయుట అట్టిది కాదు. గిన్నెలోని పాలు గాలికే ఆరును. పెద్ద తొట్టిలోని పాలు గంటల తరబడి నిలిచినను ఆరవు. ఏలయన తొట్టి పెరిగినకొలది అందు పట్టు పాలు పెరిగినంతగా దాని చుట్టుకొలత వైశాల్యము పెరుగదు. వేడి బయటికి పోవు దారి ఇరుకగును. ఆ వేడిని తీయుటకు ఎంత చన్నీరు కావలయునో, ఎంత గొట్టము చుట్టవలయునో లెక్కవేయుట ఇంజనీరు పని.

ఈ విద్య ప్రాచీనమైనది కాదు. 1887లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున జార్జి డేవిస్ అను నతడు దీనిపై ఉపన్యాసములు మొదలిడెను. మరుసటి యేట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పాఠ్యక్రమము ఏర్పడెను. 1915లో ఆర్థర్ లిటిల్ అను ఇంజనీరు ఒక ముఖ్య విషయమును స్పష్టపరచెను. కర్మాగారములు వేరువేరైనను వానిలో జరుగు పనులు కొన్ని మాత్రమే. ఆ కొన్నింటిని చక్కగా నేర్చినవాడు ఏ కర్మాగారమునైనను నడుపగలడు. దంచుట, జల్లించుట, వడగట్టుట, కాచుట, ఆరబెట్టుట, పులియబెట్టుట అనునవే ఆ పనులు. మన వంటయిండ్ల మాటలే విశ్వవిద్యాలయపు పాఠములైనవి. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయము 1933లోనే రసాయన సాంకేతిక విద్యకు శాఖను నెలకొల్పినది.

మొదటి లెక్క: సరకు

పంచాయతీ జమాఖర్చుల పుస్తకమున వచ్చిన సొమ్ము, పోయిన సొమ్ము, నిలువ సరిపోవలయును. సరిపోనిచో ఎచ్చటనో పొరపాటు గాని, మోసము గాని జరిగినదన్నమాట. రసాయన ఇంజనీరింగు విద్యార్థి నేర్చు మొదటి సూత్రము సరిగా ఇదియే. తొట్టిలోనికి పోయిన సరకు ఏదో యొక రూపమున బయటికి రావలయును, లేదా లోపల నిలిచియుండవలయును. ఏదియు మాయము కాదు.

మీ యూరి నీటి ట్యాంకునే తీసికొందము. అది 40,000 లీటర్లది అనుకొనుడు. వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున బ్లీచింగు పొడి వేయవలయునని నియమము. అనగా 100 గ్రాములు. మంచి పొడిలో నూటికి 33 వంతుల క్లోరిన్ ఉండును. కావున ట్యాంకులో జమ పడినది 33 గ్రాముల క్లోరిన్. లీటరుకు సుమారు 0.8 మిల్లీగ్రాము. ఇందులో కొంత నీటిలోని మలినములపై ఖర్చగును. మిగిలినది కుళాయి చివర లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రామైనను ఉండవలయును. ఆ నిలువయే దారిలో చేరు రోగక్రిములను చంపును.

కాని బ్లీచింగు పొడి సంచి మూతి విప్పి తేమలో ఉంచినచో నెలలు గడచినకొలది దాని బలము తగ్గును. బలము సగమునకు దిగినచో అదే 100 గ్రాములు వేసినను జమ సగమే. అప్పుడు 200 గ్రాములు వేయవలయును. ఈ లెక్క తెలియని పనివాడు నియమము ప్రకారమే పొడి వేయును. ఊరిలో వాంతులు, విరేచనములు మాత్రము ఆగవు. కుళాయి నీటిని పరీక్షపెట్టెతో చూచినచో నిజము తేలును.

ఫ్లోరైడు విషయము గూడ ఇట్టిదే. నీటిలో ఫ్లోరైడు వలన ఎముకలు వంగు వ్యాధి మన దేశమున 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో గుర్తింపబడెను. రాయలసీమలోని పెక్కు ఊళ్లకు నేటికిని ఆ బెడద కలదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970ల దశాబ్దిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు. పటిక బురదతోపాటు ఫ్లోరైడు అడుగునకు దిగును. పైనీరు త్రాగుటకు పనికివచ్చును. అయితే తీసిన ఫ్లోరైడు మాయము కాలేదు. అది బురదలో నున్నది. ఆ బురదను బావి చెంతనే పారబోసినచో ఖర్చు వ్రాసినది మరల జమయే అగును.

రెండవ లెక్క: వేడి

పత్తికొండ టమాటా మార్కెట్టు సంగతి మీ రెరుగుదురు. సరకు ముమ్మరముగా వచ్చిన దినములలో కోతకూలి గూడ గిట్టక రైతులు పండ్లను బాటప్రక్కన పారబోయుట పెక్కుమారులు జరిగినది. టమాటాను గుజ్జుగా మార్చి నిలువ చేసినచో ఈ నష్టము తప్పునని అందరు చెప్పుదురు. ఆ పని ఎంతటిదో లెక్కచూతము.

నూరు కిలోల టమాటా రసములో ఘనపదార్థము సుమారు 5 కిలోలు, తక్కినది నీరు. నిలువకు తగిన గుజ్జులో ఘనపదార్థము నూటికి 28 వంతులు ఉండవలయును. ఆ 5 కిలోల ఘనపదార్థముతో సుమారు 18 కిలోల గుజ్జు తయారగును. తక్కిన 82 కిలోల నీటిని ఆవిరి చేయవలయును. కిలో నీటిని మరుగు స్థితినుండి ఆవిరి చేయుటకు 540 కిలోకేలరీలు కావలయును. అనగా మొత్తము 44 వేల పైచిలుకు. ఎండుకట్టె కిలోకు 3,500 కిలోకేలరీలు ఇచ్చునని తీసికొన్నను, ఒక్క వ్యర్థమును లేనియెడల 13 కిలోల కట్టె పట్టును. బయటి పొయ్యిపై వేడిలో అధికభాగము గాలిపాలగును గనుక అంతకు అనేక రెట్లు కాలును. గుజ్జు మాడి రంగు చెడును. గ్రామములలో తొందరపడి పెట్టిన చిన్న పరిశ్రమలు గిట్టకపోవుటకు ఇట్టి లెక్కలు ముందుగా వేయకుండుట ఒక కారణము.

దీనికి ఉపాయము 1840లలో అమెరికాలోని లూసియానాలో నల్లజాతి సంతతికి చెందిన నోర్బెర్ రిల్యూ అను ఇంజనీరు చెరకురసము కొరకు కనిపెట్టెను. మొదటి పాత్రలో పుట్టిన ఆవిరిని వృథాగా పోనీయక రెండవ పాత్రకు వేడి నిచ్చుటకు వాడవలయును. రెండవ పాత్రలో గాలి ఒత్తిడి తగ్గించినచో అందలి రసము తక్కువ వేడికే మరగును. ఇట్లు మూడు పాత్రలను గొలుసుగా అమర్చినచో ఒక కిలో ఆవిరితో సుమారు మూడు కిలోల నీటిని తీయవచ్చును. రంగును, రుచియు నిలుచును. ఇది మంత్రము కాదు. వేడి జమాఖర్చును శ్రద్ధగా వ్రాసినందువలన దొరకిన ఆదాయము.

వేడి లెక్క తప్పినచో ప్రాణములే పోవును. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత ఆర్.ఆర్. వెంకటాపురమునొద్ద ఒక కర్మాగారపు తొట్టినుండి స్టైరీన్ ఆవిరి వెలువడినది. పన్నెండుమంది మరణించిరి, వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. కరోనా కారణమున కర్మాగారము కొన్ని వారములు ఆగియుండెను. నిలువయున్న స్టైరీన్ తనంత తాను గట్టిపడుచు వేడిని పుట్టించును. పుట్టిన వేడి జమయగుచుండగా, దానిని తీసివేయు ఖర్చు చాలలేదు. కర్మాగారము పని చేయనపుడు గూడ తొట్టిలో పని జరుగుచునే యుండునను సంగతి ఆ దుర్ఘటన మనకు నేర్పిన పాఠము.

మూడవ లెక్క: కాలము

జీవప్రక్రియా ఇంజనీరింగు అనగా కంటికి కనబడని జీవులచేత పని చేయించు విద్య. ఆ జీవులకు మేత, వెచ్చదనము, కాలము మూడును కుదురవలయును. మీ యెరుకలోని గోబరు గ్యాసు తొట్టియే దీనికి చక్కని ఉదాహరణము.

రెండు ఘనమీటర్ల గ్యాసు నిచ్చు తొట్టికి దినమునకు 50 కిలోల పేడయు, అంత నీరును పోయుదురు. పోసిన పేడ లోపల సుమారు 40 దినములు నిలువవలయును. దినమునకు 100 లీటర్ల చొప్పున 40 దినములకు 4,000 లీటర్ల చోటు కావలయును. తొట్టి కొలత ఇట్లు వచ్చినదే కాని మేస్త్రీ ఇష్టప్రకారము వచ్చినది కాదు. లోపల రెండు తెగల జీవులు పని చేయును. మొదటి తెగ పేడను పులియబెట్టి ఆమ్లముగా మార్చును, ఇవి వడిగలవి. రెండవ తెగ ఆ ఆమ్లమును మండు గ్యాసుగా మార్చును; ఇవి నిదానమైనవి. ఎక్కువ గ్యాసు వచ్చునని ఆశించి ఒక్కసారిగా రెట్టింపు పేడ పోసినచో ఆమ్లము పెరిగిపోయి రెండవ తెగ చచ్చును, గ్యాసు నిలిచిపోవును. చలికాలమున గ్యాసు తగ్గుటకును ఈ జీవుల మందగమనమే కారణము. తొట్టి చెడిపోయినదని విడిచిపెట్టుటకు ముందు, మేత, వెచ్చదనము, కాలము అను మూడింటిని విచారింపవలయును.

ఇదే విద్యను పెద్ద ఎత్తున ప్రయోగించినపుడు ప్రాణములు నిలిపిన మందులు పుట్టినవి. పెన్సిలిన్ అను మందును బూజునుండి తీయవచ్చునని 1928లో తెలిసినను, దానిని సీసాలలో కొద్దికొద్దిగా మాత్రమే తీయగలిగిరి. ఇంజనీర్లు పెద్ద తొట్లలో శుద్ధిచేసిన గాలిని నింపి, కలియబెట్టి, చల్లార్చు మార్గము కనుగొన్న తరువాతనే, 1944లో అది విరివిగా తయారైనది. ఆ కర్మాగార నిర్మాణమున ముఖ్యపాత్ర వహించినది మార్గరెట్ హచిన్సన్ రూసో అను స్త్రీ. ఆమె 1937లో మసాచుసెట్స్ సంస్థనుండి రసాయన ఇంజనీరింగులో డాక్టరు పట్టము పొందిన మొదటి మహిళ. ఈ చదువు ఆడపిల్లలకు తగదనువారికి ఇదియే సమాధానము.

మనవారును ఈ రంగమున వెనుకబడియుండలేదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనాధిపతిగా నున్నపుడు, వారి ఆధ్వర్యమున మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను మందు వెలువడినది. 1948లో అది లోకమునకు ప్రకటింపబడెను. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో ఈస్టు జీవులచేత తయారు చేయించిన కామెర్ల నివారణ టీకాను మార్కెట్టులోనికి తెచ్చి, దాని ధరను సామాన్యులకు అందుబాటు చేసినది.

మన జిల్లాలలో

కర్నూలు చెంత తుంగభద్ర ఒడ్డున గొందిపర్లలో ఉప్పునీటిలోనికి విద్యుత్తు పంపి కాస్టిక్ సోడాను, క్లోరిన్‌ను తీయు కర్మాగారము కలదు. మనము పైన లెక్కించిన బ్లీచింగు పొడికి ఈ క్లోరిన్‌యే మూలము. నంద్యాల, ఎర్రగుంట్ల ప్రాంతములలోని సున్నపురాయి సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాలి సిమెంటగుచున్నది. మంగంపేట ముగ్గురాయి నిక్షేపము ప్రపంచమున మిక్కిలి పెద్దవానిలో నొకటి. అది అధికముగా పొడిరూపమున చమురుబావులు త్రవ్వుటకు దూరదేశములకు పోవుచున్నది. దానినే బొగ్గుతో కాల్చి బేరియం లవణములుగా మార్చినచో విలువ పెరుగును. రాయి మనది, మార్చు విద్య మనది కానిచో లాభము ఎవరిదో చెప్పనక్కరలేదు.

కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారము ఈ విద్యకు మరియొక ఉదాహరణము. యురేనియం రాతిని సాధారణముగా ఆమ్లముతో కరగించి తీయుదురు. తుమ్మలపల్లె రాయి సున్నపురాతి జాతిది. నాపరాతిపై ఆమ్లము పోసినచో బుసబుస పొంగుట మనము చూచినదే. అట్టి రాయి ఆమ్లము నంతయు తానే త్రాగివేయును. కావున అచట సోడా లవణములతో, అధికమైన వేడి, ఒత్తిడుల నడుమ యురేనియమును తీయుదురు. మిగిలిన పిండిరాయి, లవణపు నీరు వ్యర్థముల చెరువును చేరును. తమ బావినీరు చెడినదని, అరటితోటలు దెబ్బతిన్నవని చుట్టుప్రక్కల రైతులు ఫిర్యాదు చేసిరి. 2018లో కాలుష్య నియంత్రణ మండలి విషయమును విచారణకు తీసికొన్నది. నీటి దోషమునకు తాము కారణము కాదని సంస్థవారు చెప్పిరి.

ఎవరి వాదము సత్యమో తీర్పు చెప్పుట ఈ పాఠపు ఉద్దేశము కాదు. కాని ఒక విషయము మాత్రము స్పష్టము. సోడా ఎంత లోనికి పోయినది, ఎంత తిరిగి పట్టుబడినది, ఎంత చెరువులో నిలిచినది అను లెక్కను, ముందటి యేటి నీటి పరీక్షను, నేటి పరీక్షను ప్రక్కప్రక్కన ఉంచి చదువగల వ్యక్తి గ్రామమున నొకడున్నచో, ఆ గ్రామము ఇతరుల మాటపై ఆధారపడనక్కరలేదు.

విశ్వవిద్యాలయములో చదువు

ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివినవారు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా నాలుగేండ్ల బి.టెక్. తరగతిలో చేరవచ్చును. పాలిటెక్నిక్ డిప్లొమా పొందినవారు వేరొక పరీక్ష ద్వారా రెండవ సంవత్సరమునకే చేరుటకు వీలున్నది. మొదట గణితము, సరకు వేడి లెక్కలు. పిమ్మట ద్రవముల ప్రవాహము, వేడి ప్రసారము, పదార్థములను వేరుపరచుట, చర్యాపాత్రల నిర్మాణము. చివర యంత్ర నియంత్రణ, భద్రత, కర్మాగార రూపకల్పన నేర్పుదురు. జీవప్రక్రియా శాఖలో వీనికి తోడుగా సూక్ష్మజీవశాస్త్రము, కిణ్వనము, మందుల శుద్ధి చేరును. గణితమున శ్రద్ధ లేనివారికి ఈ చదువు కష్టము. పట్టము చేతికి వచ్చిన దినముననే పెద్ద జీతము వచ్చునని చెప్పుటయు సత్యము కాదు. మందులు, సిమెంటు, చమురు, ఆహార పరిశ్రమలలోను, నీటి శుద్ధిలోను పని దొరకును. రాత్రి పాళీలు తప్పవు.

సీమవారికి సమీపమున తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల, అనంతపురము జె.ఎన్.టి.యు. కళాశాల, తిరుపతి ఐ.ఐ.టి. ఈ శాఖను బోధించుచున్నవి. కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో వెలసిన సాంకేతిక విద్యాలయమున పదవ తరగతి మార్కులపైననే ఆరేండ్ల చదువునకు చేర్చుకొందురు. అచ్చటి శాఖల వివరములను ఆ యేటి ప్రకటనలో చూచుకొనవలయును.

పంచాయతీల కర్తవ్యము

మొదటిది: వేసవి గ్రామసభలో ప్రవేశ పరీక్షల తేదీలను, శాఖల పేర్లను చదివి వినిపింపవలయును. గణితమున చురుకైన బాలబాలికల తలిదండ్రులతో, ముఖ్యముగా ఆడపిల్లల తలిదండ్రులతో, స్వయముగా మాటలాడవలయును.

రెండవది: ఏటికి రెండుమారులు ఊరి బావుల, బోర్ల నీటిని పరీక్ష చేయించి, ఫలితములను ఒక పుస్తకమున తేదీతో వ్రాసి ఉంచవలయును. కర్మాగారము రాకముందు నీరెట్లుండెనో వ్రాసియుండని గ్రామము తరువాత దేనిని నిరూపింపలేదు. ఆ పరీక్షలను ఉన్నత పాఠశాల పిల్లలచేత చూపించి, చదివించుట మంచిది.

మూడవది: 2006 నాటి కేంద్ర ప్రకటన ననుసరించి పెద్ద పరిశ్రమలు పెక్కింటికి అనుమతి నిచ్చుటకు ముందు బహిరంగ విచారణ జరుగును, నివేదిక సంగ్రహము స్థానిక భాషలో లభించును. ఆ సభలో ఆవేశముతో అరచుటకంటె నాలుగు ప్రశ్నలు అడుగుట మేలు. దినమునకు లోనికి వచ్చు సరకు ఎంత? బయటికి పోవు సరకు ఎంత? తక్కినది ఎచ్చట నిలుచును? విద్యుత్తు ఆగిన రాత్రి తొట్టి వేడిని తీయున దేది? వీనికి అంకెలతో సమాధానము వ్రాయించి మినిట్సు పుస్తకమున చేర్చవలయును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ట్యాంకు ఎన్ని లీటర్లది? నిలువయున్న బ్లీచింగు పొడి ఎప్పుడు కొన్నది? చివరి కుళాయిలో క్లోరిన్ ఎంత?

2. మన ఊరినుండి మార్పు లేకుండ బయటికి పోవు పంట గాని, రాయి గాని ఏది? దానిని మార్చుటకు కావలసిన నీరు, ఇంధనము మనకు కలవా?

3. గత ఐదేండ్లలో ఇంజనీరింగులో చేరిన మన పిల్లలు ఎందరు? ఏయే శాఖలలో చేరిరి?

జమాఖర్చులు సరిచూచుట పంచాయతీ సభ్యులకు నేర్పనక్కరలేదు. ఆ కన్నుతోనే ఊరి నీటిని, పంటను, పరిశ్రమను గూడ చూడవలయునని మా మనవి. ఆ లెక్కను ముందుకు కొనిపోగల పిల్లవాడో, పిల్లయో మీ ఊరి బడిలో ఇప్పుడే చదువుకొనుచుండవచ్చును. వారికి దారి చూపుట ఈ వేసవినుండియే మొదలిడుదురు గాక.